బిడ్డా, ముందు అది ఏ రూపాయో చూడు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి ఆర్థిక వ్యవహారాలు, దేశాల సంబంధాల మీద పీహెచ్‌డీ చేస్తానన్నావు. చాలా సంతోషమైంది. కానీ అంత పెద్ద పేరు పెట్టుకుని దిగితే ఐదేండ్లు గడిచినా ఒడ్డు కనపడదు. ఏదో ఒక్క సొమ్మును పట్టుకో. అది ఎటు పోతే అటు పో.

మన దగ్గరే ఉంది చూడు. 1948 సెప్టెంబర్‌లో, పోలీస్ యాక్షన్ రోజుల్లో, నిజాం ప్రభుత్వానికి చెందిన 10 లక్షల పౌండ్ల పైచిలుకు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మారింది. అదే నెల హైదరాబాద్ గొడవ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికెక్కింది. ఆ సొమ్ము ఎవరిదో లండన్ కోర్టు తేల్చింది 2019లో! అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది.

హైదరాబాద్ తార్నాకలోని ఆర్కైవ్స్‌కు, అంటే పాత సర్కారు కాగితాలు దాచే చోటికి పోయే ముందు ఉర్దూ చదవడం నేర్చుకో. నిజాం సర్కారు ఆఫీసుల కాగితాలు ఎక్కువగా ఉర్దూలోనే ఉంటాయి. తారీఖులు ఫసలీలో, అంటే నిజాం సర్కారు వాడిన పంట సంవత్సరాల లెక్కలో ఉంటాయి, 1357 ఫసలీ అంటే 1947-48. నేను అరకొర ఉర్దూతో మొదలుపెట్టి దెబ్బతిన్నాను. వరంగల్ పత్తి లెక్కలు రాసేటప్పుడు 'రూపాయలు' అని ఉన్నవన్నీ ఒకటే అనుకుని కూడేశాను. కొన్ని హాలీ సిక్కా, అంటే నిజాం రూపాయలు; కొన్ని కల్దార్, అంటే బ్రిటిష్ ఇండియా రూపాయలు. నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు (అణాకు పన్నెండు పైలు). వ్యాసం అచ్చయ్యాక ఒక పాత గుమాస్తా నా టేబుల్ మీద వేలు పెట్టి, "సార్, ఇది ఏ రూపాయి?" అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పటికీ అంకె కనపడితే ముందు ఆ వేలే గుర్తొస్తుంది.

ఇంకోటి, ఒక పక్క ఫైళ్లే చదివి తీర్పు చెప్పకు. యుద్ధకాలంలో మన దగ్గర సరుకులు తీసుకుని బ్రిటన్ పడ్డ బాకీ వంద కోట్ల పౌండ్లు దాటింది. లండన్ కాగితాల్లో అది తగ్గించుకోవాల్సిన భారం. మన వాళ్లకు అది కరువులో కడుపు మాడ్చుకుని కూడబెట్టిన సొమ్ము. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్, పుణేలోని రిజర్వ్ బ్యాంక్ ఆర్కైవ్స్ కూడా చూడాల్సిందే.

ఉద్యోగం గురించి టెన్షన్ పడకు అనను, పోస్టులు తక్కువే. యూజీసీ నెట్ పరీక్ష ముందు రాసెయ్, పరిశోధనకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ ఉంటే ఇంట్లో చెయ్యి చాచనక్కర్లేదు.

నా ఉర్దూ నిఘంటువు అట్ట ఊడింది, నిన్ననే కుట్టించాను. ఆదివారం వచ్చి తీసుకుపో.

మీ పెద్దబాపు