నాటింగ్‌హామ్ పాంథర్స్ చరిత్ర, చిప్స్ కౌంటర్ వెనక నుంచి

ప్రశ్న: బ్రిటన్‌లో ఐస్ హాకీ క్లబ్బులు కూడా ఉన్నాయా? ఏదైనా ఒక క్లబ్ చరిత్ర సీజన్ల వారీగా ఎవరైనా చెప్పగలరా?

ఉన్నాయండీ. పై స్థాయి లీగ్‌లో పది జట్లున్నాయి. అందులో నాటింగ్‌హామ్ పాంథర్స్ గురించి నేను చెప్పగలను. ఎందుకంటే ఆ జట్టు ఆడే స్టేడియంలో ఏడాదిపాటు చిప్స్, హాట్‌డాగ్‌లు అమ్మాను. ఆట మాత్రం దాదాపు చూడలేదు, విన్నాను.

2012 సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీ చేయడానికి వెళ్లాను. చదువయ్యాక రెండేళ్లు ఉండి ఉద్యోగం చేసుకునే వీసా ఉండేది, దాన్ని సరిగ్గా అదే ఏడాది ఏప్రిల్‌లో ఎత్తేశారు. ఈ సంగతి నన్ను పంపిన కన్సల్టెన్సీ వాడికి తెలుసు, నాకే తెలీదు. వాడి గురించి మొదలెడితే ఈ జవాబు ఇక్కడితో ఆగదు కాబట్టి వదిలేస్తున్నాను. వారానికి 20 గంటల పని, అదీ ఏజెన్సీ ద్వారా, జీతం ఎప్పుడు పడుతుందో దేవుడికే ఎరుక. శనివారం సాయంత్రం ఫలానా చోటికి నల్ల ప్యాంటు, నల్ల బూట్లు వేసుకుని రమ్మన్నారు. హాకీ అన్నారు. నేను ధ్యాన్‌చంద్ ఆట అనుకుని వెళ్లాను.

మొదటి రోజు సూపర్‌వైజర్ నన్ను చూసి "ఆర్ యూ ఆల్‌రైట్, మి డక్?" అంది. క్రికెట్ పిచ్చోణ్ణి కదా, చేరిన పది నిమిషాలకే డకౌట్ చేసింది అనుకున్నాను. ఆ ఊళ్లో అందరూ అందర్నీ అలాగే పిలుస్తారని తర్వాత తెలిసింది. మన "నాయనా", "అమ్మా" లాంటిది అన్నమాట. పాంథర్స్ చరిత్ర నాకు చెప్పింది ఈవిడే. ఏ పుస్తకం చదివీ కాదు, టొమాటో సాస్ డబ్బాలు నింపుతూ.

ఆవిడ చెప్పిన లెక్క ఇది. 1939లో ఐస్ స్టేడియం కట్టారు, జట్టు పెట్టారు, కెనడా నుంచి ఆటగాళ్లను కూడా రప్పించారు. ఇంతలో యుద్ధం వచ్చింది, వాళ్లు వచ్చిన దారినే పోయారు. కాబట్టి మొదటి సీజన్‌లో సున్నా మ్యాచ్‌లు. అసలు ఆట 1946లో మొదలైంది. 1947లో విన్నిపెగ్ నుంచి చిక్ జామిక్ అనే పొట్టి కుర్రాడొచ్చి ఊరినంతా ఊపేశాడు, ఏడొందలకు పైగా గోల్స్ కొట్టాడు. ఆవిడ వాళ్ల నాన్న జామిక్ ఆట చూశాట్ట. అది చెప్పేటప్పుడు ఆవిడ ముఖం ఎలా ఉండేదంటే, మా తాతయ్య ఎన్టీఆర్‌ని దగ్గర్నుంచి చూశానని చెప్పేటప్పుడు ఉండేలా. 1950–51, 1953–54, 1955–56 సీజన్లలో లీగ్ గెలిచారు. 1960లో లీగే మూతపడింది, పాంథర్స్ కూడా పోయింది.

అక్కడ్నుంచి ఇరవయ్యేళ్లు ఏమీ లేదు. 1980లో మళ్లీ వచ్చింది, అదీ ఎలా అంటే పక్క ఊరు షెఫీల్డ్‌లో లాన్సర్స్ అనే జట్టు ఉండేది, అది మకాం మార్చుకుని ఇక్కడికొచ్చి పాంథర్స్ పేరు పెట్టుకుంది. ఈ ముక్క షెఫీల్డ్ వాళ్ల దగ్గర అనండి చూద్దాం. ఇప్పుడు పాంథర్స్‌కి అసలు పగ షెఫీల్డ్ స్టీలర్స్ మీదే. రైల్లో గంట దూరం, మ్యాచ్ ఉన్న రోజు మా కౌంటర్‌లో స్టీలర్స్ జెర్సీ వాడికి చిప్స్ ఇస్తే వెనకున్నవాడు "వాడికి చల్లారినవి వెయ్యి" అని అరిచేవాడు. సరదాకే అనుకుంటా. తొంభై శాతం సరదాకే.

మీరు సీజన్ల పట్టిక అడిగారు కదా, నా గొడవ సరిగ్గా దాంతోనే. పట్టికలో 1960 తర్వాతి గడి 1980. మధ్యలో గీత కూడా ఉండదు. కానీ ఆవిడకి ఆ ఇరవయ్యేళ్లు కూడా చరిత్రే. జట్టు లేకపోయినా రింక్ ఉంది, జనం స్కేటింగ్‌కి వెళ్తూనే ఉన్నారు. ఆ ఊరి పిల్లలు టోర్విల్, డీన్ అనే జంట ఆ మంచు మీదే స్కేటింగ్ నేర్చుకుని, 1984లో సారయేవో ఒలింపిక్స్‌లో బొలేరో అనే సంగీతానికి ఐస్ డాన్స్ చేసి స్వర్ణం తెచ్చారు. స్టేడియం ముందున్న ఆవరణకి అందుకే బొలేరో స్క్వేర్ అని పేరు. (మన బొలేరో బండి కాదు, నేనూ అలాగే అనుకున్నా.) పాత స్టేడియాన్ని పడగొట్టి అక్కడే 2000లో కొత్తది కట్టారు.

నాకు ఇది ఎందుకంత తగిలిందంటే, నేను విమానం ఎక్కిన ఆ సెప్టెంబర్‌లోనే డెక్కన్ ఛార్జర్స్‌ని ఐపీఎల్ నుంచి తీసేశారు. 2008లో అట్టడుగు, 2009లో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు, 2012లో క్లోజ్. అర్ధరాత్రి దాకా మేలుకుని జోహన్నెస్‌బర్గ్ ఫైనల్ చూసినవాణ్ణి నేను. తర్వాత ఏడాది సన్‌రైజర్స్ వచ్చింది, మా హాస్టల్ వాళ్లంతా ఒక్క రోజులో రంగు మార్చేశారు. ఛార్జర్స్ కోసం ఇరవయ్యేళ్లు ఎదురుచూసేవాడు ఒక్కడున్నాడా? లేడు. ఎందుకు లేడంటే మనకు జట్టు టీవీలో ఉంటుంది, వాళ్లకి వీధి చివర ఉంటుంది. దీనికి నా దగ్గర రుజువేం లేదు, కానీ నాతో వాదించి ఎవరూ గెలవలేదు.

అయితే బ్రిటన్‌లో క్లబ్బులు మాయం కావని కాదు. ఛార్జర్స్ కథ అక్కడ బోలెడుసార్లు జరిగింది. సూపర్‌లీగ్ అని 1996లో ఆర్భాటంగా పెట్టారు. 2002–03 సీజన్ మధ్యలోనే మాంచెస్టర్ స్టార్మ్, స్కాటిష్ ఈగిల్స్ చేతులెత్తేశాయి, ఆ సీజన్ అవగానే లీగే పోయింది. 2003లో ఇప్పటి ఎలీట్ లీగ్ వచ్చింది. పాంథర్స్ మొదటి నుంచీ అందులో ఉంది. మాంచెస్టర్ పేరు తర్వాత మళ్లీ వచ్చిందనుకోండి, అది వేరే కథ.

ఇక 2012–13కి వద్దాం. అప్పటికి పాంథర్స్ పరిస్థితి విచిత్రంగా ఉండేది. లీగ్‌తో పాటు విడిగా జరిగే ఛాలెంజ్ కప్ వరసగా కొడుతున్నారు, సీజన్ చివర ప్లేఆఫ్స్ కూడా 2011, 2012లో గెలిచారు. కానీ సెప్టెంబర్ నుంచి మార్చి దాకా నడిచే అసలు లీగ్ మాత్రం 1956 నుంచి రాలేదు. ఆర్సీబీ వాళ్లు "ఈ సాలా కప్ నమ్‌దే" అని పాడీ పాడీ పద్దెనిమిదో సీజన్‌లో, 2025లో గెలిచారు చూడండి, అలాంటి పాట ఇక్కడ 57 ఏళ్లు నడిచింది. మధ్యలో జట్టే లేని ఇరవయ్యేళ్లని తీసేస్తే 37 అంటారు కొందరు. నేను తీసేయను.

కౌంటర్‌లో నిలబడి హాకీ ఎలా తెలుస్తుందంటే, మూడు పీరియడ్లు, ఒక్కోటీ ఇరవై నిమిషాలు, మధ్యలో రెండు ఇంటర్వెల్స్. ఇంటర్వెల్‌లో జనం తిరునాళ్లలా మీద పడతారు, బండి వచ్చి మంచు నున్నగా చేసేలోపు అందరికీ చిప్స్ పడాలి. ఆట నడుస్తున్నప్పుడు మనకి పనిలేదు, కానీ కనిపించదు కూడా. ఎదురుగా గోడ, పక్కన మెట్ల దారిలోంచి ఒక చారెడు వెలుగు. మంచు చుట్టూ ఉండే పలకకి మనిషి గుద్దుకునే దబ్ అనే చప్పుడు, పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) గోల్ ఇనుప కమ్మీకి తగిలితే టంగ్ అనే మోత, దాని వెంటే ఏడువేల మంది "ఓ..." అనడం. గోల్ పడితే హారన్. హారన్ మోగకుండా జనం లేచి అరిస్తే కొట్టుకుంటున్నారని అర్థం. నవంబర్ కల్లా నాకు ఫ్రయర్ దగ్గర్నుంచే స్కోర్ తెలిసిపోయేది.

ఆ ఏడాది లీగ్ గెలిచారు. నేను అడుగుపెట్టిన మొదటి సీజన్‌లోనే! మా సూపర్‌వైజర్ నన్ను అందరికీ చూపించి ఈ అబ్బాయి వచ్చాకే గెలిచాం అని చెప్పేది. మా ఇంట్లో నాకు ఏలినాటి శని నడుస్తోందని అమ్మ శనివారం శనివారం నూనె దీపం పెడుతోంది, ఇక్కడేమో నేను లక్కీ.

ప్లేఆఫ్ ఫైనల్స్ ఏప్రిల్‌లో నాటింగ్‌హామ్‌లోనే జరుగుతాయి. శనివారం సెమీస్, ఆదివారం ఫైనల్. ఆ రెండు రోజులూ ఓడిపోయిన క్లబ్బుల వాళ్లు కూడా తమ తమ జెర్సీలు వేసుకుని వస్తారు, పక్కపక్కన కూర్చుని తాగుతారు. మన దగ్గర రెండు సినిమా హీరోల ఫ్యాన్స్ ఒకే థియేటర్లో ఒకేలాగ కూర్చోగలరా? ఫైనల్ బెల్‌ఫాస్ట్ జెయింట్స్‌తో. లీగ్, ఛాలెంజ్ కప్ అప్పటికే చేతిలో ఉన్నాయి, ఇది కూడా గెలిస్తే మూడూ వచ్చినట్టు. మూడు పీరియడ్లూ అయ్యాయి, 2–2. ఓవర్‌టైమ్. ముందు ఎవడు గోల్ కొడితే వాడిదే.

అప్పుడు మా కౌంటర్ ముందు ఒక్క మనిషి లేడు. ఏడు నెలల్లో అలాంటిది చూడలేదు. నేల మీద చిప్స్ ముక్కలు, సగం తాగిన కోక్ గ్లాసులు, అంతే. సూపర్‌వైజర్ యాప్రాన్ విప్పి కౌంటర్ మీద పడేసి "కమాన్, మి డక్" అని మెట్ల దారిలోకి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. అక్కడ నిలబడితే చల్లగాలి ముఖానికి కొట్టింది, కింద మంచు తెల్లగా, ట్యూబ్‌లైట్ల గోదాంలా వెలిగిపోతోంది. పక్ అంత చిన్నదని నాకు అప్పుడే తెలిసింది. కళ్లు దానికి అలవాటు పడేలోపు వెనక ఫ్రయర్ బీప్ మొదలైంది. బుట్ట నూనెలోనే వదిలేసి వచ్చాను! మాడితే ఏజెన్సీ వాడు జీతంలో కోస్తాడని భయం. పరిగెత్తి వెళ్లి బుట్ట పైకి లేపి కొక్కేనికి తగిలిస్తుంటే హారన్ మోగింది.

డేవిడ్ క్లార్క్ కొట్టాడు. 3–2. నేను వెనక్కి వచ్చేసరికి ఆవిడ మెట్లమీద కూర్చుని ఏడుస్తోంది. "చూశావా?" అని అడిగింది. చూశానని చెప్పాను. ఇంకేం చెప్పమంటారు?

ఆ తర్వాతి పదేళ్లలో లీగ్ మళ్లీ రాలేదు. కానీ 2017 జనవరిలో ఇటలీలోని రిట్టెన్‌కి వెళ్లి కాంటినెంటల్ కప్ గెలిచారు, ఒక బ్రిటిష్ క్లబ్ యూరోపియన్ కప్పు గెలవడం అదే మొదలు. అప్పటికి నేను లండన్ దగ్గర స్లౌ అనే ఊళ్లో కాంట్రాక్ట్ ఉద్యోగంలో ఉన్నాను, ఆఫీసులో ఎవరికీ ఈ సంగతి పట్టలేదు. ఆ దేశంలోనే చాలామందికి తమ దగ్గర ఐస్ హాకీ ఉందని తెలియదు. పేపర్లో ఎనిమిది పేజీలు ఫుట్‌బాల్, మూలన నాలుగు లైన్లు హాకీ. మన పేపర్లో కబడ్డీకి జరిగే మర్యాదే.

పట్టిక మీద నా కోపానికి ఇంకో కారణం 2023–24. ఆ వరసలో ఎన్ని గెలిచారు, ఎన్ని ఓడారు, ఏ స్థానం అని ఉంటుంది. 2023 అక్టోబర్ 28న షెఫీల్డ్‌లో మ్యాచ్ మధ్యలో ఆడమ్ జాన్సన్ అనే 29 ఏళ్ల పాంథర్స్ ఆటగాడికి ఇంకొకరి స్కేట్ బ్లేడ్ మెడకి తగిలి చనిపోయాడు. వేలమంది చూస్తుండగా. ఆ రాత్రి పాత కౌంటర్ వాళ్ల గ్రూపులో, ఐదారేళ్లుగా చప్పుడు లేని గ్రూపులో, సూపర్‌వైజర్ పెట్టిన మెసేజ్‌తో నాకు తెలిసింది. ఆవిడ రాసింది రెండు మాటలే. నేను ఏం రాయాలో తెలీక చాలాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 2024 జనవరి నుంచి ఆ లీగ్‌లో మెడకి గార్డ్ తప్పనిసరి చేశారు. జాన్సన్ వేసుకున్న 47 నంబర్ జెర్సీని పాంథర్స్ ఇంకెవరికీ ఇవ్వదు.

ఆ తర్వాతి చలికాలం ఒకసారి వెళ్లాను, ఈసారి టికెట్ కొనుక్కుని. నలుపు, బంగారు రంగు జెర్సీలు, అందరి మెడ చుట్టూ గార్డులు. సీట్లో కూర్చుని చూస్తే ఆట ఎంత వేగంగా ఉందంటే, నిజం చెబుతున్నా, వినడమే తేలిక. రెండో పీరియడ్ మధ్యలో లేచి పాత కౌంటర్ దగ్గరికి వెళ్లాను. సూపర్‌వైజర్ రిటైరైపోయింది. ఫ్రయర్ మారింది. బీప్ మాత్రం అదే, లేదా నాకలా అనిపించింది. అమ్మకి ఫోన్లో తిన్నానని చెబుతూ చిప్స్ తీసుకుంటుంటే, నల్ల ప్యాంటు, నల్ల బూట్ల కుర్రాడు సాస్ ప్యాకెట్లు ఇస్తూ మెల్లగా అడిగాడు: "అన్నా, స్కోర్ ఎంత? ఇందాక రెండు హారన్లు వినిపించాయి, మనమేనా?"