పాత స్పోర్ట్స్ కారు కొంటానంటున్నావుగా, ముందు ఇది చదువు

నాన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. బాగున్నాయి. కానీ ఫోటోలో మెరిసిన బండే చాలాసార్లు కొంప ముంచుతుంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదువు. రోజూ ఆఫీసుకీ అదే, సెలవు రోజు ట్రాక్ మీద డ్రిఫ్టింగ్‌కీ (వెనక చక్రాల్ని కావాలని జారిస్తూ బండిని అడ్డంగా తిప్పడానికీ) అదే అన్నావు. ఒక్క బండితో రెండు పనులూ అవుతాయి, నేను ఎనిమిదేళ్లు అలాగే నడిపాను. అయితే ఆదివారమంతా అడ్డంగా తిప్పినా సోమవారం పొద్దున తాళం తిప్పగానే స్టార్టయ్యే బండి కావాలి నీకు. అందుకే పవర్ ఎంత అని కాదు, ఇంతకుముందు ఓనర్లు దాన్ని ఎంత కెలికారు అని అడుగు.

ఇది నాకు డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. నా మొదటి బండికి టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసి పవర్ పెంచేది) ఎవరో తర్వాత బిగించారు. చూడ్డానికి వెళ్లేసరికే ఇంజన్ వేడిగా ఉంది, ఇప్పుడే బయటికి వెళ్లొచ్చానన్నాడు అమ్మేవాడు, నమ్మేశాను. మర్నాడు పొద్దున చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేస్తే సైలెన్సర్ లోంచి నీలం పొగ, వెనకున్న గోడ కనపడనంత. ఇంజన్‌లో ఆయిల్ పైకి రాకుండా ఆపే పిస్టన్ రింగులు పోయాయి. డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే టేపు చుట్టిన అతుకులే, ఏ వైరు ఎక్కడికి పోతుందో మెకానిక్కే అర్థం కాలేదు. ఐదు నెలలు కదల్లేదు ఆ బండి. అందుకని అమ్మేవాడికి ముందే చెప్పు, నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. వెళ్లగానే మొదట బానెట్ మీద చెయ్యి పెట్టు. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్.

ఇక ఏ బండి అంటే, వెనక చక్రాలకు పవర్ వెళ్లాలి, గేర్లు మాన్యువల్ ఉండాలి, ఈ రెండూ లేకపోతే మాట్లాడుకోవడమే అనవసరం. నిస్సాన్ ఎస్13, ఎస్14 మీద నీకు మనసుందని తెలుసు. డ్రిఫ్టింగ్‌కి చాలా మంచి బండ్లు, అందులో మాటే లేదు. కానీ వాటి వయసు పాతికేళ్లు దాటింది, దొరికేవాటిలో చాలావరకు ఇప్పటికే ఎవరో ఒకరు గోడకు కొట్టి సరిచేసినవి. తలుపుల కింద అంచులూ, ముందు సస్పెన్షన్ బిగించే చోటూ తుప్పు తినకుండా ఉన్నది దొరికితే అదృష్టమే. మజ్దా ఆర్ఎక్స్-7 నాకూ ఇష్టమే, అయినా రోజువారీకి వద్దు. దాని రోటరీ ఇంజన్ (పిస్టన్ల బదులు తిరిగే రోటర్లున్నది) కాస్త ఆయిల్‌ని కాల్చుకునేలాగే తయారైంది, రోటర్ మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు అరిగితే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే.

మజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం, 1989 నుంచి 97 దాకా వచ్చింది, చాలా నమ్మకమైన బండి. బరువు సుమారు టన్నే కాబట్టి టైర్లు, బ్రేకులు తొందరగా అరగవు. తీసుకుంటే 1.8 లీటర్ల ఇంజన్‌ది తీసుకో, 1.6 దానిలో డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ పవర్ పంచే గేర్ల పెట్టె) చిన్నది, దెబ్బతింటుంది. ఒక్కటే ఇబ్బంది, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 2265 మిల్లీమీటర్లే. వెనక భాగం జారిందంటే చటుక్కున తిరిగిపోతుంది, కొత్తవాడికి సరిదిద్దుకునే టైమ్ ఉండదు. బీఎండబ్ల్యూ ఈ46 లో, అంటే పాత 3 సిరీస్ కారులో, అదే దూరం 2725. నెమ్మదిగా జారుతుంది, నెమ్మదిగా నేర్పుతుంది, పైగా నలుగురు కూర్చోవచ్చు.

నన్నడిగితే నీకు ఆరు సిలిండర్ల ఈ46 సరిపోతుంది. కానీ ర్యాంపు ఎక్కించి కింద నుంచి చూడకుండా కొనకు. వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని మోసే ఇనుప చట్రం) బాడీకి బిగించే నాలుగు చోట్లా రేకు పగుళ్లు తీస్తుంది, ఈ మోడల్‌కి పుట్టుకతో ఉన్న జబ్బు ఇది. పాత గుడ్డతో మట్టి తుడిచి, టార్చిలైటు పక్కనుంచి వేసి చూడు, వెంట్రుకంత గీత కనబడినా వెల్డింగ్ పని ఉందన్నమాటే. కొత్తగా పూసిన నల్ల రంగు ఆ ఒక్క చోటే ఉంటే ఇంకా అనుమానించు. తర్వాత కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ట్యాంకు. ప్లాస్టిక్ పసుపు రంగుకి తిరిగి, అంచు దగ్గర కూలెంట్ ఎండిన మరక ఉంటే ఎప్పుడైనా పగలొచ్చు. ట్యాంకు, వాటర్ పంపు, రేడియేటర్, గొట్టాలు కొన్న వారంలోనే మార్పించెయ్, ఆ డబ్బు బండి ధరలోనే కలుపుకో.

ఏ బండైనా కంప్రెషన్ టెస్ట్ (ఒక్కో సిలిండర్‌లో ప్రెషర్ ఎంత వస్తుందో కొలిచే పరీక్ష) చేయించు, సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఆయిల్ మూత లోపల తెల్లటి జిడ్డు ఉంటే కంగారు పడకు, తక్కువ దూరాలు తిరిగిన బండ్లలో చలికి అలా పడుతుంది. కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయి ఉండొచ్చు, వదిలెయ్.

డిఫరెన్షియల్ వెల్డింగ్ చేసి రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా చేసిన బండి చవగ్గా దొరుకుతుంది, ఆశపడకు. ట్రాక్ మీద బాగానే ఉంటుంది. రోజూ పార్కింగ్‌లో మలుపు తిప్పినప్పుడల్లా టైరు కీచుమంటూ గెంతుతుంది, వానలో చిన్న మలుపుకే వెనక భాగం జారుతుంది. ఆఫీసుకెళ్లే బండికి ఆ టెన్షన్ ఎందుకు? మలుపులో చక్రాల్ని కొంత వేరువేరుగా తిరగనిచ్చే మంచి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించుకో, ఖర్చు పెట్టాల్సింది అక్కడే. ఇంజన్ జోలికి మాత్రం ఏడాది దాకా వెళ్లకు. వెనక చక్రాలు ఇంకో జత కొనిపెట్టుకో, ట్రాక్‌కి పాత టైర్లు, రోడ్డుకి మంచివి. ఇంటికి బయల్దేరే ముందు నట్లు బిగించావో లేదో నీ చేత్తో నువ్వే చూసుకో, ఇంకెవరికో అప్పజెప్పొద్దు.

రోడ్డు మీద డ్రిఫ్టింగ్ వద్దు, రాత్రయినా, రోడ్డు ఖాళీగా ఉన్నా సరే. ఈ విషయంలో మాత్రం బతిమాలుతున్నాననుకో.

వీటిలో ఏదైనా చూడ్డానికి వెళ్లే ముందు రోజు నాకు ఫోన్ చెయ్, నేనూ వస్తా. టార్చి, గుడ్డ నేనే తెస్తాను. అడ్వాన్స్ మాత్రం జేబులో పెట్టుకు రాకు.

బాబాయ్