రాజీనామానా, తొలగింపా? ఈఎస్‌ఐ భృతి తేలేది అక్కడే

ప్రశ్న: పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లు పనిచేశాను. ఆర్డర్లు లేవని పది నెలల కిందట పదకొండు మందిని తీసేశారు. భార్య గర్భిణి, అప్పులున్నాయి. ఈఎస్‌ఐ (కార్మిక బీమా) బ్రాంచ్ ఆఫీసులో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద నిరుద్యోగ భృతి అడిగితే, ‘నువ్వే మానేశావు, రాదు’ అని క్లర్క్ పంపేశాడు. సెటిల్‌మెంట్ రోజు ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టాను. నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: మీ కష్టం విని క్లర్క్ డబ్బు ఇవ్వలేడు. ఆయన చూసేది కంప్యూటర్‌ని. నెలనెలా ఈఎస్‌ఐ చందా వివరాలు పంపేటప్పుడు యజమాని కార్మికుడు ఎందుకు లేడో కారణం కూడా నమోదు చేస్తాడు. ‘రిట్రెంచ్‌మెంట్’ (పని లేదని కంపెనీయే తీసేయడం) అని ఉంటే భృతికి దారి ఉంటుంది, ‘లెఫ్ట్ సర్వీస్’ అని ఉంటే మీరే మానేసినట్టు. రాజీనామా చేసినవారికి ఈ పథకం వర్తించదు. మీ కేసంతా ఆ ఒక్క ఎంట్రీ మీదే ఉంది.

చదవకుండా సంతకం పెట్టడం పెద్ద తప్పు. ఆ కాగితాల్లో రాజీనామా ఉందేమో మీకే తెలియదు! అయినా మీరు పంపిన సెటిల్‌మెంట్ స్లిప్పులో నాలుగో వరస చూడండి: ‘నోటీస్ పే’, అంటే ముందుగా నోటీసు ఇవ్వకుండా తీసేసినందుకు ఇచ్చే జీతం. తనంతట తాను మానేసినవాడికి ఏ కంపెనీ అయినా నోటీసు జీతం ఎందుకిస్తుంది? మీ దగ్గరున్న గట్టి సాక్ష్యం ఇదే. ‘రేపట్నుంచి రావద్దు’ అన్న సూపర్‌వైజర్ వాట్సాప్ మెసేజ్ డిలీట్ చేయకండి. మిగతా పదిమందిలో ఇద్దరి వాంగ్మూలాలు తీసుకోండి.

ఆఫీసు బయట ఏజెంటు పాత తేదీతో తొలగింపు లెటర్ చేసిస్తానన్నాడని రాశారు. ఆ జోలికి అస్సలు వెళ్లకండి. తప్పుడు పత్రంతో క్లెయిమ్ చేయడం నేరం. శిక్ష పడితే ఈ పథకానికే అనర్హులవుతారు.

ఎంట్రీ సరిచేయమని కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. జవాబు కోసం కూర్చోవద్దు. ఉద్యోగం పోయిన ఏడాదిలోపే క్లెయిమ్ పడాలి, మీకు మిగిలింది రెండు నెలలే. ఆన్‌లైన్‌లో క్లెయిమ్ వేసి, ప్రింటు, ఆధార్, బ్యాంకు వివరాలు, స్లిప్పు జతచేసి బ్రాంచ్ ఆఫీసులో ఇచ్చి, స్టాంపు వేసిన రసీదు తీసుకోండి. సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులకు, జీవితంలో ఒక్కసారే వస్తుంది. ఉద్యోగం పోవడానికి ముందటి చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి, ఆ లెక్క కూడా సరిచూసుకోండి.

నోటిమాటగా ‘రాదు’ అంటే దానిమీద ఎక్కడా పోరాడలేం. కారణం రాసి తిరస్కరించమని అడగండి. ఆ కాగితం చేతికొస్తే ప్రాంతీయ కార్యాలయానికి ఫిర్యాదు చేయవచ్చు, అక్కడా కాకపోతే ఈఎస్‌ఐ కోర్టులో సవాలు చేయవచ్చు.