కొత్త కారు బేరం: కొటేషన్‌లో ఏ లైను దగ్గర ఎంత అడగాలి

మీ ప్రశ్న ఇదీ: ఎక్స్ షోరూమ్ (లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలపకముందు ధర) 9 లక్షల పెట్రోల్ కారుకి 15 వేలు తగ్గించి, "ఇంతకంటే కంపెనీ ఒప్పుకోదు సార్" అంటున్నారు, ఇంకా తగ్గుతుందా అని. తగ్గుతుందండీ. కానీ ఎక్స్ షోరూమ్ ధర పట్టుకుని కూర్చుంటే తగ్గదు. అది కంపెనీ పెట్టిన ధర, దాని మీద డీలర్‌కి మిగిలేది తక్కువ. ఇన్సూరెన్స్, లోన్, యాక్సెసరీస్, ఎక్స్‌టెండెడ్ వారంటీ దగ్గరే వాళ్లకి నాలుగు డబ్బులు మిగిలేది. మీరు అడగాల్సిందీ అక్కడే.

ముందు అదే వేరియంట్, అదే రంగుకి ఒకే కంపెనీ డీలర్లు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. వాట్సాప్‌లో ఒక్క అంకె పంపిస్తే ఒప్పుకోవద్దు, లైను లైనుగా రాసివ్వమనండి. క్యాష్ డిస్కౌంట్, ఎక్స్ఛేంజ్ బోనస్ (పాత కారు ఇస్తే), కార్పొరేట్ డిస్కౌంట్ (ఉద్యోగులకి), లాయల్టీ బోనస్ (అదే కంపెనీ పాత కస్టమర్లకి) దేనికదే వేరు. సేల్స్ అబ్బాయి సాధారణంగా మొదటిదే చెప్తాడు. "ఈ నెల స్కీమ్‌లో నాకు ఏవేవి వర్తిస్తాయి?" అని మీరే పేరు పేరునా అడగాలి. కార్పొరేట్ డిస్కౌంట్‌కి ఐడీ కార్డు లేదా జీతం స్లిప్పు చాలు.

అన్నిటికంటే ఎక్కువ తగ్గేది ఇన్సూరెన్స్ దగ్గర. షోరూమ్‌లోనే తీసుకోవాలన్న రూలు ఏదీ లేదు. "బయట తీసుకుంటే డిస్కౌంట్ పోతుంది" అంటే, కంపెనీ స్కీమ్‌కి ఆ షరతు ఎక్కడుందో రాసిమ్మనండి. కొత్త కారుకి మూడేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి) తప్పనిసరి, దాని రేటు ఎక్కడైనా ఒకటే. 2022 జూన్ నుంచి అమలైన రేటు ప్రకారం 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకి 10,640 రూపాయలు, జీఎస్టీ అదనం. తేడా అంతా ఓన్ డ్యామేజ్‌లోనే (మీ సొంత బండికి జరిగే నష్టానికి తీసుకునే భాగం) ఉంటుంది. పోల్చేటప్పుడు ఐడీవీ (ఇన్సూరెన్స్ కంపెనీ మీ బండికి కట్టే విలువ) సమానంగా ఉందో లేదో చూడండి. 9 లక్షల కొత్త కారుకి అది సుమారు 8,55,000 ఉండాలి, ఎక్స్ షోరూమ్‌లో 95 శాతం అన్నమాట. ఐడీవీ దించేసి ప్రీమియం తక్కువ చూపించడం పాత ఎత్తు. జీరో డెప్ (తరుగు కోయకుండా విడిభాగాల ఖర్చు ఇచ్చేది), ఇంజిన్ ప్రొటెక్ట్ (ఇంజిన్ పాడైతే ఇచ్చేది) అనే అదనపు కవర్లు రెండు వైపులా ఒకేలా పెట్టాకే అంకెలు పోల్చండి. బయట తక్కువ వస్తే ఆ కాగితం చూపించండి, చాలామంది ఆ రేటుకి దిగుతారు.

పాత కారు అమ్మేస్తుంటే దాని నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో వచ్చే తగ్గింపు) వదులుకోవద్దు. పాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఎన్‌సీబీ రిజర్వేషన్ లెటర్ తెచ్చుకుంటే కొత్త కారు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. ఇది షోరూమ్‌లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు.

హ్యాండ్లింగ్ చార్జీలు, లాజిస్టిక్స్ అని ఒక లైను కనిపిస్తే కొట్టేయమనండి. బండిని షోరూమ్ దాకా తెచ్చే ఖర్చు ఎక్స్ షోరూమ్ ధరలోనే ఉంది. లైఫ్ ట్యాక్స్‌లో బేరం లేదు, కానీ కొటేషన్‌లో రాసిన అంకెకీ ప్రభుత్వ రసీదుకీ తేడా వస్తే వెనక్కి ఇవ్వాలని ముందే రాయించుకోండి. మీ కారు ధర 10 లక్షలు దాటదు కాబట్టి 1 శాతం టీసీఎస్ (10 లక్షలు దాటిన కారు మీద డీలర్ వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మీకు పడదు.

"20 వేల యాక్సెసరీస్ ఫ్రీ" అంటే తొందరపడకండి. అది ఎమ్మార్పీ లెక్క. మ్యాట్లు, మడ్ ఫ్లాప్‌లు, బాడీ కవర్ చాలు, మిగతాది నగదుగా తగ్గించమనండి. టెఫ్లాన్ కోటింగ్ కొత్త పెయింట్‌కి అక్కర్లేదు.

లోన్ షోరూమ్‌లోనే తీసుకుంటే వడ్డీ ఫ్లాటా (మొదటి అప్పు మొత్తం మీద చివరిదాకా), రెడ్యూసింగా (తీర్చగా మిగిలిన అప్పు మీదే) అని అడగండి. 8 లక్షలకి ఐదేళ్లు 5.5 శాతం ఫ్లాట్ అంటే నెలకి 17,000 ఈఎంఐ. రెడ్యూసింగ్‌లో చూస్తే అది దాదాపు 10 శాతం! మీ బ్యాంకు శాంక్షన్ లెటర్ జేబులో పెట్టుకుని వెళ్తే మాట గట్టిగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి? మన దగ్గర ఆషాఢంలో కార్లు కొనేవాళ్లు తక్కువ. మీకు పట్టింపు లేకపోతే అదే మంచి సమయం, పైగా జూన్ ఆఖరు కూడా కలిస్తే క్వార్టర్ టార్గెట్ వాళ్ల నెత్తి మీద ఉంటుంది. దసరా, ధనత్రయోదశి వారంలో వెళ్తే డెలివరీ డేట్ కోసం మీరే బతిమాలాలి. డిసెంబర్‌లో బాగా తగ్గుతుంది, కానీ జనవరి రాగానే కాగితాల మీద అది పోయినేడు కారు అయిపోతుంది. మూడు నాలుగేళ్లలో అమ్మే ఆలోచనుంటే ఆ తగ్గింపు చాలదు.

అన్నీ కుదిరాక ఆన్‌రోడ్ మొత్తం (ట్యాక్స్, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి), ఫ్రీగా ఇచ్చేవి, బుకింగ్ రద్దయితే ఎంత వెనక్కి వస్తుంది అన్నవి బుకింగ్ ఫారమ్ మీద రాయించి స్టాంపు వేయించండి. డబ్బు డీలర్ అకౌంట్‌కే పంపాలి, సేల్స్ అబ్బాయి ఫోన్‌పేకి వద్దు. మిగతా మొత్తం కట్టేముందు యార్డుకి వెళ్లి పగటి వెలుగులో బండి చూడండి. ఫారం 22లో (బండితో పాటు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్) తయారీ నెల ఉంటుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర కూడా చదవండి, 3225 అంటే 2025లో 32వ వారం. నాలుగు టైర్లూ, స్టెప్నీ అటూ ఇటుగా ఒకే సమయానివి కాకపోతే ఎందుకని అడగండి. ఇదంతా టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) వేయకముందే జరగాలి, బండి మీ పేరు మీదికి వచ్చాక మార్చివ్వమంటే ఎవరూ మార్చరు.