పాత జిప్సీకి పవర్ స్టీరింగ్ పెట్టిస్తే కేసు అవుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, నూజివీడు దగ్గర మాకు మామిడి తోట ఉంది. మాది 1998 మోడల్ మారుతి జిప్సీ, కార్బురేటర్ బండి. వెనక సీట్లు ఎప్పుడో తీసేశాం. పికప్ లాగా కాయల ట్రేలు వేసుకుని తిరుగుతాం. భుజానికి ఆపరేషన్ అయ్యాక నాన్నగారు స్టీరింగ్ తిప్పలేకపోతున్నారు. వేరే కారులోంచి తీసిన పవర్ స్టీరింగ్ బిగిస్తానని మెకానిక్ అంటున్నాడు. బండిలో ఏం మార్చినా నేరమేనని, సీజ్ చేస్తారని తెలిసినవాళ్లు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పవర్ స్టీరింగ్ గురించి మీరు పడుతున్నంత టెన్షన్ అక్కర్లేదు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ తీసేసిన సీట్లు. ముందు మీరడిగినదే చూద్దాం.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక లక్షణమే మారిపోతే దాన్ని ‘మార్పు’ అంటామని ఆ సెక్షన్‌లోనే వివరణ ఉంది. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే గట్టిగా చెప్పింది. ఆ తీర్పు వార్తల్లోకి వచ్చినప్పటి నుంచే ‘ఏం మార్చినా నేరం’ అనే మాట ఊళ్లలో తిరుగుతోంది.

మీ ఆర్‌సీ తీసి చూడండి. బాడీ రకం, సీట్లు, ఇంధనం, సీసీ, ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఖాళీ బరువు, రంగు ఉంటాయి. స్టీరింగ్ ఏ రకమో ఉండదు. అందుకే పవర్ స్టీరింగ్ బిగించినంత మాత్రాన సెక్షన్ 52ను ఉల్లంఘించినట్టు కాదని నా అభిప్రాయం. అయినా చెప్పాపెట్టకుండా చేయించకండి. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఎ(4)లో, చట్టం అనుమతించని విధంగా విడిభాగాలు బిగించడాన్ని కూడా చేర్చారు. శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కాబట్టి బిగించకముందే, ఏ భాగం పెడుతున్నారో రాసి ఆర్‌టీఓ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర ఉంచుకోండి. అనుమతితో చేసిన మార్పును 14 రోజుల్లోగా ఆర్‌సీలో నమోదుకు ఇవ్వాలి.

నాన్నగారి భుజం కారణంగా దివ్యాంగుల కోసం మార్చిన బండి కింద అనుమతి అడగవచ్చా అనే ఆలోచన మీకు రావచ్చు. అలాంటి బండిని ఆ వ్యక్తి కోసమే వాడాలి. కాయలు మోసే బండికి ఆ దారి కుదరదు.

ఇక సీట్లు. ఆర్‌సీలో ఉన్న సీట్ల సంఖ్యకూ, బండిలో ఉన్నవాటికీ పొంతన లేదు. సెక్షన్ 52 నేరుగా తగిలేది ఇక్కడే. పైగా ప్రైవేటు కారు బీమా పాలసీలో వ్యక్తిగత సామాను, శాంపిళ్లు తప్ప సరుకు మోయడానికి వాడితే వర్తించదని రాసి ఉంటుంది. ట్రేలతో వెళ్తూ బండి పల్టీ కొడితే మీ నష్టానికి బీమా కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. సీట్లు తిరిగి పెట్టించండి, లేదంటే సరుకు బండిగా మార్పించడానికి వీలుందేమో ఆర్‌టీఓలో అడగండి. పవర్ స్టీరింగ్ సంగతి కూడా బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారనేది, ఎదుటివాడికి పరిహారం కట్టాల్సిన చోట కూడా కంపెనీకి చట్టం ఇచ్చిన వాదన.

ఇప్పుడు మెకానిక్ దగ్గర అడగాల్సిన మాట: స్టీరింగ్ షాఫ్టును కోసి వెల్డింగ్ చేస్తాడా? చేస్తానంటే ఆ పని ఒప్పుకోకండి. ఆ అతుకు ఊడితే చక్రాలు మీ మాట వినవు. దాని వల్ల ఒకరి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106(1) కింద, నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు, ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కేసు మాట అటుంచితే, ఆ బండి నడిపేది మీ నాన్నగారు. కేంద్ర మోటారు వాహనాల నియమం 98 కూడా స్టీరింగ్ వీల్‌లో ఆట (చక్రాలు కదలకుండా వీల్ ఊరికే తిరిగే మేర) 30 డిగ్రీలు దాటకూడదని, బోల్టులు ఊడకుండా లాక్ చేసి ఉండాలని చెబుతోంది. పవర్ స్టీరింగ్‌కు ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు పెడితే, కార్బురేటర్ బండి కాబట్టి ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఇంజిన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. దానికి ఏర్పాటు చేశాడో లేదో చూడండి, తర్వాత పొల్యూషన్ సర్టిఫికెట్ మళ్లీ తీయించండి.

భాగాల పేర్లతో, సంతకంతో బిల్లు తీసుకోండి. పని చెడితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి మీకు ఆధారం అదే.

విప్పిన పాత స్టీరింగ్ సామాను మాత్రం పాత ఇనుముకు వేయకండి. 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రెన్యువల్ తప్పదు కదా, అప్పుడు ఇన్‌స్పెక్టర్ అభ్యంతరం చెబితే తిరిగి బిగించుకోవచ్చు.