నాటకం లేని రోజుల పని

చిరంజీవి అబ్బాయికి,

విశాఖ మహారాణిపేట నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆఫీసు స్నేహితులు పదిమంది కలిసి మన పద్యనాటక సమాజానికి అండగా ఒక బృందం పెడతామని మొన్న ఫోనులో చెప్పావు కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్ళు ఆ సమాజం దుస్తుల పెట్టెలు చూసుకున్నదాన్ని, ఈ మాట ఎవరైనా అంటారా అని ఎంతకాలంగా ఎదురు చూశానో నీకు తెలియదు. ఫోనులో తేల్చే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నువ్వు ఉదాహరణగా చెప్పిన మెట్రోపాలిటన్ ఒపెరా గిల్డ్, అంటే పాటలతో సాగే ఆ ఒపెరా నాటకాలకు అండగా నిలిచే సంఘం, దాని గురించి నేనూ చదివాను. 1935లో, అమెరికా అంతా ఆర్థిక మాంద్యంలో కుంగిపోయి ఉన్నప్పుడు, ఎలినార్ బెల్మాంట్ అనే ఆవిడ న్యూయార్కులో దాన్ని మొదలుపెట్టారు. ఆవిడ ఒకప్పటి రంగస్థల నటి. సభ్యత్వ చందాలు పోగుచేశారు, మరుసటి ఏడాదే పత్రిక పెట్టారు, బడిపిల్లలను ఒపెరాకు రప్పించారు. అక్కడి చిన్న ఊళ్ళ గిల్డుల వాళ్ళయితే రిహార్సల్స్ నాడు గాయకులకు భోజనం వండి తెస్తారు, పై ఊరి నుంచి వచ్చినవారికి తమ ఇంట్లోనే గది ఇస్తారు, ప్రదర్శన నాడు గుమ్మం దగ్గర నిలబడి ప్రేక్షకులకు సీట్లు చూపిస్తారు. వీటిలో ఒక్కటీ వేదిక ఎక్కి చేసే పని కాదు. అది గమనించు.

మన దగ్గరా నాటకం రోజున మనుషులకు కొదవ ఉండదు. కుర్చీలు వేయడానికి, దండలు తేవడానికి ఎవరో ఒకరు వస్తారు. మర్నాడు పొద్దున్న చెమటతో తడిసిన కృష్ణుడి దుస్తులు ఆరవేయడానికి ఎవరూ రారు. సమాజాలు మూతపడేది అక్కడే. ఒక నాటకానికీ ఇంకో నాటకానికీ మధ్య ఉన్న ఆ నెలల్లో ఎవరూ తొంగి చూడకపోవడం వల్ల. మీ బృందం ఆ నెలలకు పుట్టాలని నా కోరిక.

ముందు పెట్టెల సంగతి చెబుతాను. మనది సముద్రపు ఊరు. ఉప్పుగాలి, తేమ జరీని బతకనివ్వవు. ఆట ముగిశాక దుస్తులను అలాగే మడిచి పెట్టెలో పడేస్తే నెల తిరిగేసరికి జరీ నల్లబడుతుంది, మఖమలు మీద బూజు పడుతుంది. నీడలో, గాలి తగిలేచోట తిరగేసి ఆరవేయాలి. పూర్తిగా ఆరాక పాత నూలు పంచెలో చుట్టాలి. ప్లాస్టిక్ సంచి వద్దే వద్దు, చెమ్మంతా లోపలే ఉండిపోతుంది. కలరా ఉండలు వేస్తే గుడ్డలో మూటకట్టి మూలన పెట్టండి, జరీకి తగలకూడదు. కిరీటాలు, భుజకీర్తులు ఒకదాని మీద ఒకటి పేర్చకండి. అద్దాలు రాలిపోతాయి.

హార్మోనియం కూడా అంతే. రీడ్లు ఇత్తడివి. తేమకు పచ్చగా చిలుము పట్టి, ఒక రోజు ఒక స్వరం పలకనని మొరాయిస్తుంది. వారానికోసారి ఎవరైనా కూర్చుని తిత్తి ఆడించి, అన్ని మెట్లూ పలికించాలి. వాయించడం రానక్కరలేదు. పద్యం మొత్తం ఆ శ్రుతి మీదే నిలబడుతుంది, ఆ పెట్టె గొంతు చెడితే కృష్ణుడూ దుర్యోధనుడూ ఇద్దరూ కుప్పకూలతారు.

హుద్‌హుద్ తుఫాను నాటి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. 2014 అక్టోబరు 12న ఆ గాలికి మా సామాను గది పైకప్పు రేకు లేచిపోయింది. నాలుగు ట్రంకుపెట్టెల్లోకి నీళ్ళు దిగాయి. ఊరంతా కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఎవరి ఇల్లు వారు సర్దుకుంటున్న రోజులు. పెట్టెలు తెరవడం ఫలానా వారి పని అని మేము ఎన్నడూ అనుకోలేదు కాబట్టి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. తొమ్మిదో రోజు మూత ఎత్తితే వచ్చిన వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. రాయబారం సీనులో కృష్ణుడు వేసుకునే నీలం మఖమలు అంగీ చేతిలోకి తీసుకుంటే భుజం దగ్గర పేలికలై ఊడి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఏ పెట్టె ఎవరిదో పేరు రాసి మూతకు లోపల అతికించండి. తుఫాను హెచ్చరిక రాగానే ఆ పేరు గలవారు పెట్టెను తమ ఇంటికి తీసుకుపోవాలి.

నటులకు ఒక పుస్తకం పెట్టండి. ఎవరి శ్రుతి ఎంత, కిరీటం కొలత ఎంత, ఎవరికి షుగరు ఉంది, ఎవరు గాజువాకలో షిఫ్టు దిగి నేరుగా వస్తారు, అన్నీ అందులో ఉండాలి. పాడేవారు ఆటకు ముందు కడుపు నిండా తినరు, చల్లనీళ్ళు ముట్టరు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు, తెర దిగగానే వేడి ఇడ్లీ. మేకప్ తీయడానికి కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ. హార్మోనిస్టుకు, తబలా వాయించేవారికి, మేకప్ చేసేవారికి ఇవ్వాల్సిన డబ్బు ఆ రాత్రి గుమ్మం దాటకముందే కవరులో పెట్టి చేతికివ్వాలి. రేపు ఇస్తామనడం నాకు అస్సలు నచ్చదు. వారిలో రోజుకూలి వదులుకొని వచ్చినవారు ఉంటారు.

డబ్బు సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. సంఘంగా రిజిస్టరు చేయాలంటే మన రాష్ట్రంలో ఏడుగురు సభ్యులు చాలు. 80జీ అనే పన్ను మినహాయింపు గుర్తింపు వస్తే, చందా ఇచ్చినవారిలో పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి పన్నులో కొంత మినహాయింపు ఉంటుంది, అయితే రెండువేలు దాటి నగదుగా ఇస్తే అది వర్తించదని ముందే చెప్పండి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు కళలకూ ఇవ్వవచ్చు. మీ ఆడిటరును అడుగు.

ఇక ప్రేక్షకులు. పద్యనాటకానికి వచ్చేవారిలో సగం మంది నా వయసువారే. కళాభారతిలోనైనా, గురజాడ కళాక్షేత్రంలోనైనా ఆరున్నర అని వేస్తే ఆరున్నరకే తెర లేవాలి. భీమిలి నుంచి, అనకాపల్లి నుంచి వచ్చినవారికి తిరుగు బస్సు దొరకాలి కదా. పిల్లలకు పద్యం అర్థం కాదని వదిలేయకండి. 1983లో కెనడాలోని ఒపెరా కంపెనీ వారు పాట అర్థాన్ని వేదిక పైన తెర మీద అక్షరాలుగా చూపించడం మొదలుపెట్టారు, తర్వాత ప్రపంచమంతా అదే పట్టుకుంది. మీలో కంప్యూటర్ తెలిసినవారు ఉన్నారు, పద్యాన్నీ దాని తాత్పర్యాన్నీ అలాగే చూపించవచ్చు. కుదరకపోతే ఒక కాగితం అచ్చు వేసి పంచండి. పద్యం చూస్తూ వింటే పదేళ్ళ పిల్లకూ ‘వన్స్ మోర్’ ఎందుకు అరుస్తారో తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటపడకు. సీనుకూ సీనుకూ మధ్య సన్మానాలు పెట్టనివ్వకు. ఒకసారి హరిశ్చంద్రలో కాటి సీనుకు ముందు తెర దించి, చందా ఇచ్చిన పెద్దమనిషికి శాలువా కప్పారు. ఆయన ముప్పావుగంట మాట్లాడారు. తెర వెనుక హరిశ్చంద్రుడు వేషంతో, భుజాన కర్రతో, కూర్చోకుండా అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చుంటే పట్టిన భావం జారిపోతుందమ్మా అన్నాడు నాతో. తెర లేచేసరికి సగం కుర్చీలు ఖాళీ. ఆ రోజు అతను పాడినంత గొప్పగా పద్యాలు నేను ఎన్నడూ వినలేదు. వినడానికి మాత్రం మనుషులు లేరు. సన్మానం చేయదలిస్తే ఆట మొదలవకముందు, పది నిమిషాల్లో ముగించండి.

అలాగే, చందా ఇచ్చాం కాబట్టి మా అబ్బాయికి వేషం ఇవ్వండని అడిగేవారు వస్తారు. ఏ నాటకం వేయాలి, ఎవరికి ఏ వేషం అన్నది సమాజం వారిది, అందులో మీ బృందం నోరు మెదపకూడదు. ఈ మాట మొదటి సమావేశంలోనే రాసుకొని అందరూ సంతకం పెట్టండి.

వచ్చే ఆదివారం పొద్దున్న మా ఇంటికి రా. మిగిలిన మూడు పెట్టెలూ వరండాలో తెరుస్తాను. నీ స్నేహితుల్లో ఇద్దరిని తీసుకురా, మీ అమ్మను అడిగి రెండు పాత పంచెలు కూడా పట్టుకురా.

మీ పెద్దమ్మ