మీ ప్రశ్నలు, మా జవాబులు: ఆ పేరు ఎట్ల పలకాల?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పేర్ల గొడవే ఎక్కువగా ఉంది. నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను, మిగతావి కూడా ఇంచుమించు ఇవే.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా, నార్పల దగ్గర పల్లె. నా పేరు కుళ్ళాయమ్మ. బెంగళూరులో ఉద్యోగం. ఆఫీసులో తెలుగువాళ్ళు ‘కుళ్ళు’ అని నవ్వుతారు. కన్నడంలో ‘కుళ్ళ’ అంటే పొట్టివాడట, వాళ్ళకు అదొక నవ్వు. ఉత్తరాది టీమ్ లీడ్ ‘కులయామా’ అంటాడు. మీటింగులో నా పేరు వస్తుందంటేనే టెన్షన్. గెజిట్‌లో పేరు మార్చుకుంటానంటే అమ్మ ఏడుస్తోంది. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, బెంగళూరు)

జవాబు: తల్లీ, నవ్వేవాళ్ళకు నీ పేరు సంగతి తెలియదు, ముందు అది చెప్పేస్తాను. కుళ్ళాయి అంటే టోపీ, నిలువుగా పొడుగ్గా ఉండేది. తిరుమల గుడిలో కృష్ణదేవరాయలు ఇద్దరు రాణుల మధ్య చేతులు జోడించి నిలబడిన విగ్రహం చూశావు కదా, ఆయన నెత్తిన ఉన్నది అదే. మీ పక్కనే ఉన్న గూగూడు కుళ్ళాయిస్వామి పేరే నీకు పెట్టారు. మొహర్రం వచ్చిందంటే హిందువులూ ముస్లింలూ ఒక్కటై పీర్లను ఎత్తుకుని అగ్నిగుండం తొక్కే ఊరు అది. ఆ స్వామికి మొక్కుకుని, బిడ్డ పుట్టాక కుళ్ళాయప్ప అనో కుళ్ళాయమ్మ అనో పెట్టుకున్న ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో. మీ అమ్మ ఏడుపు వెనక కూడా ఏదో ఒక మొక్కు ఉండే ఉంటుంది, ఒకసారి పక్కన కూర్చుని అడుగు.

ఇక ఆఫీసు. నవ్వేవాళ్ళనూ పలకలేనివాళ్ళనూ ఒకే గాటన కట్టొద్దు. మీ టీమ్ లీడ్‌ది నోరు తిరగని కష్టం. ఆయన మాట్లాడే హిందీలో ళ లేదు. పైగా నీ పేరును ఇంగ్లీషులో రాస్తే లకూ ళకూ ఒకే అక్షరం, అకూ ఆకూ ఒకే అక్షరం, నీ పేరు ఎప్పుడూ చెవిన పడని మనిషి ఆ స్పెల్లింగు చూసి ‘ళ్ళా’ అని సాగదీయాలని ఎట్లా కనుక్కుంటాడు? నువ్వే చెప్పాలి. నాలుక కొన పైకి మడిచి అంగిలికి తాకించి ‘కుళ్’ అనండి, ఆ తర్వాత ‘ళా’ను సాగదీయండి అని నిదానంగా ఒకసారి పలికించు. టీమ్‌లో మరాఠీవాళ్ళుంటే వాళ్ళ భాషలో ళ ఉంది, ఇట్టే పట్టుకుంటారు. ఆయన మాత్రం ‘కుల్లాయమ్మ’ దగ్గర ఆగిపోవచ్చు. ఆగనీ, అది ఆయన నోటికి వచ్చిన కుళ్ళాయమ్మ.

తెలుగువాళ్ళ సంగతి అట్లా కాదు. వాళ్ళకు ళ బాగా వచ్చు, వచ్చి కూడా కావాలనే వంకరగా అంటున్నారు. చాటుకు పిలిచి చెప్తే ‘ఊరికే అన్నాంలే’ అని మళ్ళీ అదే పని చేస్తారు. మీటింగులో నవ్విన మాటకు మీటింగులోనే జవాబు పడాలి. గొంతు పెంచొద్దు, ‘నా పేరు కుళ్ళాయమ్మ, అట్లాగే పిలవండి’ అని చెప్పి, ఆ వెంటనే నీ పని గురించి మాట్లాడు. రెండు మూడుసార్లు అట్లా చేస్తే నవ్వడానికి వాళ్ళకే మొహమాటం వేస్తుంది.

గెజిట్ సంగతి అంటావా, పేరు మార్చుకోవడం నీ హక్కు, నేను కాదనను. కాకపోతే పదో తరగతి సర్టిఫికెట్టు మొదలుకొని ఆధార్, పాన్, పీఎఫ్, బ్యాంకు దాకా అన్నీ వరసగా మార్పించుకోవాలి, ఒక్కచోట పాత పేరు మిగిలినా తిప్పలే. నీకే ఆ పేరు నచ్చకపోతే ఆ తిప్పలు పడు. నవ్వేవాళ్ళ కోసమైతే వద్దు, వాళ్ళు రేపు ఇంకో కంపెనీకి పోతారు.

ప్రశ్న: పుట్టిల్లు గోదావరి వైపు, పెళ్ళయి ఆదోని వచ్చి బడిలో చెప్తున్నాను. నా క్లాసులో ఈరన్న, ఓబులేసు, ఉసేనప్ప, దస్తగిరి, ఖాజా, జహీర్ ఉన్నారు. కొన్ని తప్పు రాశారేమో, రిజిస్టరులో వీరన్న, అహోబిలేశ్వర్, హుస్సేన్ అని దిద్దనా? హాజరు పిలుస్తుంటే పిల్లలు ఎందుకు నవ్వుతున్నారు?
(ఒక టీచరు, ఆదోని)

జవాబు: టీచరమ్మా, దయచేసి ఒక్క అక్షరం కూడా దిద్దకండి. ఆ ఈరన్న మీకు దగ్గర్లోనే ఉన్న ఉరుకుంద ఈరన్న. శ్రావణమాసంలో కర్ణాటక జనం కూడా కదిలివచ్చే స్వామి ఆయన, భక్తులు పిలిచే పేరే అది. అహోబిలం నరసింహుడు పల్లెల నోళ్ళలో పడి ఓబులేసు అయ్యాడు, ఆయన పేరుతో ఓబులమ్మలు, ఓబుల్ రెడ్లు తరతరాలుగా ఉన్నారు. మీరు అహోబిలేశ్వర్ అని రాస్తే ఆ పిల్లాడు అది తన పేరే అనుకోడు. దస్తగిరి, ఉసేనప్ప అనే పేర్లు ఇక్కడ హిందువుల ఇళ్ళలోనూ ఉంటాయి, పేరు చూసి మతం లెక్కేస్తే పొరపాటు పడతారు, అసలు లెక్కేయాల్సిన పనీ లేదు. దత్తమండలాలకు, అంటే అప్పటి మన సీమకు, 1800లో కలెక్టరుగా వచ్చిన బ్రిటిష్ దొర థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1827లో మీ జిల్లా పత్తికొండలోనే కలరాతో పోయాడు. ఆయన మీది అభిమానంతో మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పెట్టుకున్నారు. దొర పేరు చివర మన ‘అప్ప’ను కలుపుకున్నారు చూడండి, అంతకంటే దగ్గరగా ఎవరు పిలవగలరు?

పిల్లల నవ్వు మాత్రం మీరు పలికే తీరుకే అయ్యుంటుంది. రేపు హాజరు మీరు చదవకండి, ఎవరి పేరు వాళ్ళనే చెప్పమనండి, విని అట్లాగే పలకండి. జహీర్‌లోని జ మన ‘జడ’లోని జకు దగ్గర, ‘జయ’లోని జ కాదు. ఖాజాలోని ఖ వాళ్ళ ఇళ్ళల్లో గొంతులోంచి కాస్త గరగరమని వస్తుంది. అంత రాకపోయినా ఏం కాదు, టీచరు తన పేరు మళ్ళీ మళ్ళీ అడిగి నేర్చుకుందని ఆ పిల్లాడు ఇంటికెళ్ళి చెప్పుకుంటాడు.

ప్రశ్న: బయట రాష్ట్రాల వాళ్ళు మా ఊరిని ‘కడ్డపా’ అంటే ఒళ్ళు మండుతుంది.
(ఒక పాఠకుడు, కడప)

జవాబు: బ్రిటిష్‌వాళ్ళు రెండు ‘డి’లు పెట్టి, చివర ‘హెచ్’ తగిలించి రాసిన స్పెల్లింగు అది. 2005లో ప్రభుత్వమే మార్చింది. బొంబాయి వైపు వంటింటి గట్టుకు వేసే మన నల్లరాయిని కూడా ‘కడప్పా’ అనే అంటారు, అక్కడ చాలామందికి అది ఊరని కూడా తెలియదు. దేవుని కడప గురించి, తిరుమలకు అది గడప అన్న మాట గురించి చెప్పండి. అర్థం తెలిసిన పేరును మనుషులు తొందరగా మర్చిపోరు.

ప్రశ్న: మా అమ్మ పేరు పద్మావతి. కువైట్‌లో ఇంటి పనికి పోయింది. వీడియో కాల్‌లో మాట్లాడుతుంటే వాళ్ళ మేడమ్ ‘బద్మా’ అని పిలవడం విన్నాను, కడుపు రగిలిపోయింది. అంతకుముందు చేసిన ఇంట్లో అయితే పాత పనిమనిషి పేరు ‘మేరీ’ అనే పిలిచేవాళ్ళట.
(ఒక పాఠకుడు, బద్వేలు)

జవాబు: నాయనా, ‘బద్మా’ మీద కోపం వదిలెయ్. అరబ్బీలో ప లేదు, దాని బదులు బ పలుకుతారు, పెప్సీని కూడా ‘బెబ్సీ’ అంటారు. మన పల్లెల్లో పెద్దవాళ్ళు ఫాతిమాను ‘పాతిమా’ అనడం నువ్వు వినలేదా? వాళ్ళకు ప కష్టం, మనకు ఫ కష్టం. మీ అమ్మ కూడా ఆ ఇంట్లో పిల్లల పేర్లు కొన్నిటిని మన యాసలోనే పిలుస్తూ ఉంటుంది.

ఆ ముందటి ఇంటి మీద నీకు వచ్చిన కోపం మాత్రం న్యాయమైందే. ఒకరు పోతే ఇంకొకరు, పేరెందుకు మార్చాలి అనుకోవడం చాలా పెద్ద తప్పు. అన్ని వేల మైళ్ళు పోయి కష్టపడే మనిషికి తన పేరు కూడా మిగల్చకపోవడం నాకు రాస్తుంటేనే బాధగా ఉంది. ఈ మేడమ్ అయితే పేరు అడిగింది, తన నోటికి వచ్చినంత పలుకుతోంది. ఇంకొంచెం కూడా పలకగలదు, ఎందుకంటే మన వలాంటి శబ్దమూ, తా రెండూ అరబ్బీలో ఉన్నాయి. ఈసారి ఫోన్ చేసినప్పుడు అమ్మతో చెప్పు, పేరు సగంలో ఆపకుండా ‘బద్మావతి’ అని మొత్తం పిలవమని ఆమెను అడగమను.